వెనకాల వచ్చే కారు

తూర్పుగోదావరి జిల్లా నుంచి ఒక పాఠకురాలు రాసిన ఆరు పేజీల ఉత్తరం ఇది. పేరూ ఊరూ బయటపెట్టవద్దని కోరారు కనుక విషయాన్ని మాత్రం కుదించి ఇస్తున్నాను. ఆమెకు 41 ఏళ్లు, ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతారు. భర్త ఒక ప్రైవేటు సంస్థలో లెక్కలు చూస్తారు, కూతురు ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది, అత్తగారు వీరి దగ్గరే ఉంటారు. మూడేళ్ల కిందట ఈమె ముచ్చటపడి ఎక్స్‌పల్స్ 200 అనే మోటారు సైకిలు కొన్నారు, రిజిస్ట్రేషను మాత్రం భర్త పేరున జరిగింది. అప్పటి నుంచి సెలవు దొరికినప్పుడల్లా ఒంటరిగా రంపచోడవరం, మారేడుమిల్లి, చింతపల్లి, లంబసింగి వైపు వెళ్లి వస్తున్నారు. "బడిలో నలభై మంది, ఇంట్లో ముగ్గురు, రోజంతా ఎవరో ఒకరు నన్ను పిలుస్తూనే ఉంటారు. హెల్మెట్ పెట్టుకున్న ఆ మూడు గంటలూ నన్ను ఎవరూ పిలవరు" అని రాశారు. వచ్చే వేసవి సెలవుల్లో ఇంటి గుమ్మం నుంచే బండి మీద బయలుదేరి హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయకు వెళ్లి రావాలని ఆమె కోరిక.

ఇంట్లో ఎవరూ వద్దనలేదు. అత్తగారు "నలుగురూ ఏమనుకుంటారే" అని ఒక్కసారి అని ఊరుకున్నారు. అయితే డిసెంబరు మొదటి ఆదివారం రాత్రి భోజనాల దగ్గర భర్త, "నువ్వు బండి మీద వెళ్లు, నేను కారులో నీ వెనకాలే వస్తాను" అన్నారు, ఆ మాట మీదనే ఇప్పటికీ ఉన్నారు. వెనకాల కారు ఉంటే అది తాను కోరుకున్న ప్రయాణం కాదని ఈమె బాధ. ఏటా మాల వేసుకుని స్నేహితులతో వారం రోజులు శబరిమల వెళ్లే మనిషి వెనకాల తానెప్పుడూ కారులో వెళ్లలేదు కదా అని ఒక చురక కూడా వేశారు. ఆఖరి పేజీలో ఇంకొక సంగతి ఉంది. నవంబరు రెండో శనివారం మారేడుమిల్లి దగ్గరి గుడిస కొండ దిగుతూ గులకరాళ్ల మీద జారి బండి ఎడమ పక్కకు పడింది. ఎంత ప్రయత్నించినా లేపలేక రెండు గంటలు అక్కడే కూర్చున్నారు, అటుగా వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు లేపి నిలబెట్టారు. విరిగిన క్లచ్ లివరును ఆ సాయంత్రమే మెకానిక్ షెడ్డులో మార్పించి, వాచిన చీలమండకు బడి మెట్ల మీద కాలు జారిందని ఇంట్లో చెప్పారు. ఆయన మనసు నొప్పించకుండా కారు వద్దని ఎలా చెప్పాలి, అసలు ఇది నా స్వార్థమేనా అన్నవి ఆమె అడిగిన రెండు ప్రశ్నలు.

నమస్కారమండీ. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆరు పేజీల్లో నాలుగు పేజీలకు పైగా కారు గురించే ఉంది. గుడిస దగ్గర పడిన సంగతి మాత్రం చివరన ఎనిమిది వరుసల్లో, 'ఇది ఇప్పటి విషయానికి సంబంధం లేనిదే అయినా' అంటూ మొదలై ముగిసిపోయింది. నాకు మటుకు సంబంధమంతా అక్కడే కనిపించింది కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

ప్రతి ఆదివారం కారునూ బండినీ కడిగేది ఆయనే అని మీరే మూడో పేజీలో ఏదో సందర్భంలో రాశారు. మూడేళ్లు వాడిన బండికి కుడివైపు బ్రేకు లివరు మీద, వేళ్లు ఆనే చోట, నల్లరంగు అరిగిపోయి లోహం తేలి ఉంటుంది. ఎడమవైపు క్లచ్ లివరు మాత్రం నిన్ననే పెట్టె విప్పి తీసినట్టు నిగనిగలాడుతూ ఉంటుంది. ఆ రెండింటినీ ఒకే గుడ్డతో తుడిచే మనిషికి, అందులోనూ రోజంతా లెక్కల్లో తేడాలు పట్టుకోవడమే పనిగా ఉన్న మనిషికి, ఆ తేడా కంటపడలేదంటే నేను నమ్మలేను. మీరు పడిన రోజుకూ ఆయన కారు మాట ఎత్తిన రోజుకూ మధ్య మూడు నాలుగు ఆదివారాలు గడిచాయి. నా ఊహ తప్పే కావచ్చు. కానీ అది నిజమైతే, మీరు దాచారని తెలిసీ మిమ్మల్ని నిలదీయడం ఇష్టంలేక, "వెనకాల వస్తాను" అన్న మాటలో ఆయన తన భయాన్ని సర్ది చెప్పి ఉండవచ్చు. ఆ పక్షంలో మీ ఇద్దరూ నెల రోజులుగా కారు పేరు పెట్టి ఇంకేదో మాట్లాడుకుంటున్నారు.

ఆయనకు తెలియకపోయినా చిక్కు తీరదు. మీకు తెలిసిన ముఖ్యమైన సంగతి ఒకటి ఆయనకు తెలియకుండా ఉంచి, మీ సామర్థ్యాన్ని నమ్మమని ఆయన్ను అడుగుతున్నారు. స్పితిలో సిగ్నల్ లేని దారులు చాలా దూరం ఉంటాయి. రోజంతా ఫోను మూగబోయి సాయంత్రం ఆరింటికి మీరు "బాగానే ఉన్నాను" అంటే, ఆ మాట ఆయనకు ఎంత విలువ చేస్తుందన్నది మీరు ఇప్పుడు ఏం చెబుతారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. చెబితే నష్టం లేదని నేను అనను. ఆయనకు కోపం రావచ్చు, పడినందుకు కన్నా దాచినందుకు ఎక్కువ రావచ్చు. అత్తగారి చెవిన పడితే ఆ ఒక్క 'నలుగురూ' నాలుగు నెలలు సాగవచ్చు, వేసవి ప్రయాణం ఒక ఏడాది వెనక్కు పోనూ వచ్చు. చెప్పకపోతే వచ్చేది ఇంకో రకం నష్టం. కారు వద్దని మీరు ఎన్ని మంచి కారణాలు చెప్పినా ఆ లివరు ఆయన కళ్లముందు మెరుస్తూనే ఉంటుంది. రెండింటిలో ఏది భరించగలరో మీకే తెలుస్తుంది. ఒకవేళ చెప్పదలిస్తే మాత్రం కారు చర్చ మధ్యలో చెప్పకండి, అది వాదనలో ఓడిపోతూ ఒప్పుకున్నట్టు ఉంటుంది. వేరే రోజు, వేరే పూట, పడిన సంగతి ఒక్కటే చెప్పండి.

ఇక పడటం గురించి. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. తారు రోడ్డు మీదా మట్టి దారిలోనూ నడిచే ఈ జాతి బండ్లు, 1968లో యమహా డీటీ-1తో అమెరికాలో ఆదరణ పొందిన నాటి నుంచి, పొడుగు కాళ్లతోనే పుడుతున్నాయి. మీ బండి నేలకు 220 మిల్లీమీటర్ల ఎత్తున నడుస్తుంది, సీటు దాదాపు 825 మిల్లీమీటర్లు, మీరు ఐదడుగుల రెండంగుళాలు. చదునైన చోట మునివేళ్ల మీద నెట్టుకు రావచ్చు. కానీ వాలులో, అదీ నేల పల్లంగా ఉన్న వైపు కాలు పెట్టబోతే, అక్కడ నేల ఇంకో రెండంగుళాలు కిందికి ఉంటుంది. గుడిస దగ్గర మీకు జరిగింది అదేనని మీ వర్ణన చదివితే అర్థమవుతోంది. ఆగదలచుకున్నప్పుడు ముందు ఎత్తుగా ఉన్న పక్క ఏదో చూసుకుని అటే కాలు దించడం అలవాటు చేసుకోవాలి. ఇది ఎవరూ నేర్పరు, పడి నేర్చుకోవలసిందే. ఆ రోజు కాన్వాసు బూట్లతో వెళ్లానని రాశారు, అది మాత్రం నిజంగా మీ తప్పు. చీలమండ దాటి పైకి కప్పే గట్టి తోలు బూట్లు లేకుండా మళ్లీ మట్టి దారిలోకి వెళ్లకండి.

మీరు లేపలేకపోవడం బలం చాలక కాదు. ఖాళీ బండి 160 కిలోలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది, దాన్ని ఎదురుగా నిలబడి చేతులతో లాగితే మగవాళ్లకూ నడుము పట్టుకుంటుంది. భౌతికశాస్త్రం చెప్పే మీకు మీట సూత్రం నేను చెప్పాలా! ముందు ఇంజిను ఆపి, సంచులన్నీ విప్పి పక్కన పెట్టండి. బండి కుడివైపు పడి ఉంటే సైడు స్టాండు ముందే తెరిచి ఉంచండి, లేకపోతే లేచిన ఊపులో అవతలి పక్కకు పడుతుంది. గేరులో ఉంచితే చక్రం దొర్లదు. హ్యాండిలు పూర్తిగా ఒక పక్కకు తిప్పి, బండికి వీపు పెట్టి, నడుము కింది భాగం సీటుకు ఆనించి గొంతుక్కూర్చోండి. ఒక చేత్తో హ్యాండిలు పిడిని, ఇంకో చేత్తో సీటు వెనక ఉండే పట్టుకమ్మీని (గ్రాబ్ రెయిలు) పట్టుకుని, వీపు నిటారుగా ఉంచి, కాళ్లతో నేలను తన్నుతూ చిన్న చిన్న అడుగులతో వెనక్కు నడవండి. చేతులు పట్టుకోవడానికే, లేపేది తొడలు. ఇది ఇంటి పెరట్లో పాత పరుపు మీద బండిని పడుకోబెట్టి సాధన చేయదగిన విద్య.

పంక్చరు ఎప్పుడూ షాపులోనే వేయించానని రాశారు. అది ఈ ప్రయాణానికి చాలదు. మీవి ట్యూబు టైర్లు, ముందు చక్రం 21 అంగుళాలది. ఆ సైజు ట్యూబు దారిలో కనబడిన ప్రతి దుకాణంలో దొరకదు. ముందుదీ వెనకదీ చెరొక ట్యూబు, టైరు ఊడదీసే మూడు ఇనప లివర్లు, ప్యాచీలు, చేతి పంపు వెంట ఉండాలి. అవి వెంట ఉండటం కన్నా వాటితో మీ చేత్తో కనీసం రెండుసార్లు పని చేసి ఉండటం ముఖ్యం. మీరు లివరు మార్పించిన షెడ్డుకే ఒక శనివారం మధ్యాహ్నం వెళ్లి, టైరు విప్పడం, చైను బిగించడం, క్లచ్ కేబులు మార్చడం నేర్పమని అడగండి. చదువు చెప్పే టీచరమ్మ తన దగ్గర నేర్చుకోవడానికి వచ్చిందంటే ఏ మెకానిక్కూ కాదనడు.

ఇప్పుడు కారు సంగతి. కారు వెంట ఉంటే లాభాలు ఉన్నాయి, లేవని వాదించకండి. బండి మీద బరువు తగ్గుతుంది, పడితే లేపే చెయ్యి ఉంటుంది, ఒంట్లో బాగోకపోతే పడుకోవడానికి సీటు ఉంటుంది. నష్టాలు మాత్రం మీరు రాసిన చోట లేవు. మీది చిన్న కారు, నేలకు దగ్గరగా ఉండేది, ఆయన ఘాట్ రోడ్లు పెద్దగా నడపలేదని మీరే అన్నారు. కిన్నౌర్ దాటి స్పితిలోకి వెళ్లే దారిలో మంచు కరిగి రోడ్డు మీదుగా పారే నాలాల దగ్గర మీ బండి దాటిపోయి ఆ కారు ఆగిపోయే అవకాశమే ఎక్కువ, అప్పుడు ఎవరు ఎవరికి తోడు? పైగా వెనకాల మనిషి ఉన్నాడన్న ధ్యాసతో మీరు అద్దంలోకి చూస్తూ నడుపుతారు, మీరు కనబడకపోతే ఆయన తన శక్తికి మించి తొక్కుతారు. రెండు బండ్లు ఒకదాని కోసం ఒకటి వేగం మార్చుకుంటూ వెళ్లడం ఒంటరి ప్రయాణం కన్నా ప్రమాదమని నా అభిప్రాయం. 'నా స్వేచ్ఛ' అన్న మాట కన్నా ఈ మాటలు ఆయనకు సులువుగా ఎక్కుతాయి, ఎందుకంటే ఇవి ఆయన క్షేమం గురించి కూడా.

మీ ప్రణాళికలో నాకు అసలు భయం కలిగించిన భాగం స్పితి కాదు, ఇంటి నుంచి ఢిల్లీ దాకా ఉన్న సుమారు రెండు వేల కిలోమీటర్లు. మీకు సెలవులు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం వరకు, అందులో మొదటి రోజులు టెన్త్ పేపర్ల పనుల్లో పోయినా పోవచ్చు. అంటే మే నెలలో నాగపూర్, ఝాన్సీ, గ్వాలియర్ మీదుగా వెళతారు. 45 డిగ్రీల ఎండలో బండి మీద తగిలే గాలి చల్లబరచదు, పొయ్యి ముందు విసనకర్ర ఊపినట్టు ఒంటిని ఇంకా కాలుస్తుంది. అలాంటప్పుడు బండి నడిపేటప్పుడు పైన తొడిగే రైడింగ్ జాకెట్టు గాలి రంధ్రాలు తెరవడం కన్నా దాదాపుగా మూసి, లోపల నూలు చొక్కాను ప్రతి గంటకూ తడుపుకుంటూ పోవడమే నయం. తెల్లవారుజామున మూడున్నరకు మొదలుపెట్టి పదిన్నరకు ఆపేయాలి. అలా వెళితే ఢిల్లీ చేరడానికే ఆరు రోజులు, తిరిగి రావడానికి ఆరు. గుమ్మం నుంచి గుమ్మం దాకా బండి మీదనే అన్న సంకల్పానికి ఒక అందం ఉంది, నేను కాదనను. కానీ అలసిపోయిన కళ్లతో లారీల మధ్య గడిపే ఆ పన్నెండు రోజులూ మీరు రాసిన 'ఎవరూ పిలవని మూడు గంటల' లాంటివి కావు.

బండిని రైల్లో పంపడం ఇంకో దారి. మీరు వెళ్లే రైల్లోనే, మీ టిక్కెట్టు మీద లగేజీగా బుక్ చేస్తే చోటును బట్టి అదే రైల్లో సామాన్లు వేసే బ్రేక్ వ్యానులో వస్తుంది. విడిగా పార్సిల్ చేస్తే ఎప్పుడు చేరుతుందో గట్టిగా చెప్పలేం. మధ్య స్టేషన్లలో రైలు ఆగేది కొద్ది నిమిషాలే కనుక విశాఖపట్నం లేదా విజయవాడ పార్సిల్ ఆఫీసులో ముందుగా అడిగి చూడండి. ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి, అద్దాలు విప్పి సంచిలో పెట్టుకోవాలి, గోనె చుట్టి చిరునామా స్పష్టంగా రాయాలి, ఆర్సీ నకలు ఇవ్వాలి. ఆర్సీ మీ పేరున లేదు కనుక ఆయన సంతకంతో ఒక ఉత్తరం దగ్గర ఉంచుకోండి. ఈ దారిలో మీకు మిగిలేది ఢిల్లీ నుంచి సిమ్లా 350, సిమ్లా నుంచి స్పితిలోని ముఖ్య పట్టణం కాజా నాలుగు వందల పైచిలుకు, మళ్లీ వెనక్కు, మొత్తం పదిహేను పదహారు వందల కిలోమీటర్లు. పన్నెండు రోజుల్లో నింపాదిగా పూర్తవుతుంది.

ఆర్సీ మాట వచ్చింది కనుక ఇక్కడే చెబుతాను. బీమాలో యజమానికి ఉండే పదిహేను లక్షల వ్యక్తిగత ప్రమాద రక్షణ రిజిస్టరైన యజమానికే వర్తిస్తుంది. బండి ఆయన పేరున ఉండి నడిపేది మీరైతే మీకు ఏదైనా జరిగినప్పుడు అది పనికిరాదు. మూడేళ్లుగా మీరు ఆ రక్షణ లేకుండానే తిరుగుతున్నారు. ఆర్సీ మీ పేరుకు మార్పించుకోవడమో, మీ పేరున విడిగా ప్రమాద బీమా తీసుకోవడమో ఎక్కడికీ వెళ్లకపోయినా చేయవలసిన పని.

మనాలి వైపు నుంచి చుట్టి రావాలని మీరు గీసిన పటం కూడా పంపారు. అటు 4,500 మీటర్లకు పైబడిన కుంజుమ్ కనుమ మంచు తీసి తెరిచేసరికి మే నెలాఖరో జూనో అవుతుంది. తెరిచిన కొత్తలో ఆ కనుమకు మనాలి వైపున బాతల్ నుంచి గ్రాంఫు దాకా దారి అనడానికి రాళ్లూ నీళ్లే ఉంటాయి. మొదటిసారి, ఒంటరిగా, మీ సెలవుల లెక్కతో అటు వద్దనే నా మనసు చెబుతోంది. సిమ్లా నుంచి కిన్నౌర్ మీదుగా వెళ్లి అదే దారిన రావడంలో ఇంకో మేలు, ఎత్తు మెల్లగా పెరుగుతుంది. నార్కండ 2,700 మీటర్లు, కల్ప 2,960. ఆ తర్వాత చాలామంది నాకోలో ఆగుతారు, అది 3,600 దాటిన ఊరు. దాన్ని చూసి, టీ తాగి, దిగి వెళ్లి 3,280 మీటర్ల దగ్గర ఉన్న తాబోలో పడుకుంటే ఒళ్లు కుదుటపడుతుంది. కల్పలో రెండు రాత్రులు, తాబోలో రెండు రాత్రులు ఉండి కాజాకు వెళ్లండి. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే చోటు ఎత్తును రోజుకు ఐదు వందల మీటర్లకు మించి పెంచవద్దని వైద్యులు చెప్పే మాట. ఈ వరస దానికి లోబడే ఉంటుంది. ఆ ఎత్తుల్లో గాలి దాదాపు మూడో వంతు పలచబడుతుంది, ఇంజిను లాగే బలమూ ఆ మేరకే తగ్గుతుంది, కనుక బండి మొరాయిస్తోందని కంగారుపడి విప్పదీయకండి. పెట్రోలు గురించి కూడా దిగులు అక్కరలేదు. కిన్నౌర్‌లోని రికాంగ్ పియో దగ్గర ట్యాంకు నింపుకుంటే కాజా బంకు దాకా రెండు వందల పైచిలుకు కిలోమీటర్లే, మీది 13 లీటర్ల ట్యాంకు. రెండు పక్కలా డబ్బాలు వేలాడదీసుకుని తిరగడం ఫొటోలకు బాగుంటుంది.

నాలాలను ఉదయమే దాటాలి. ఎండ ముదిరేకొద్దీ పైన మంచు కరిగి మధ్యాహ్నానికి నీరు పెరుగుతుంది. ఏళ్ల కిందట నేనూ ఆ దారిలో ఒకచోట మూడున్నరకు చేరి, పొద్దున మోకాలి కింద ఉన్న నీళ్లు తొడల దాకా రావడం చూసి, ఇవతలే ఒక టీ కొట్టులో రెండు దుప్పట్ల కింద రాత్రి గడిపాను. ఆ కొట్టు ముసలామె నన్ను చూసి నవ్విన నవ్వు ఇప్పటికీ గుర్తే.

ఒంటరి ప్రయాణంలో అసలు ప్రమాదం దొంగలూ కాదు, పులులూ కాదు. కొండల మీద పలచటి గాలి వల్ల ఎత్తు దెబ్బ తగిలినప్పుడు ముందు మందగించేది మన బుద్ధి, తన బుద్ధి మందగించిందని ఎవరికి వారికి తెలియదు. తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం వస్తే ఇంకా పైకి వెళ్లకుండా ఆగాలి. తగ్గకపోతే దిగాలి. నడకలో తూలు, కూర్చున్నా ఆయాసం ఉంటే అర్ధరాత్రైనా ఏదో ఒక వాహనం మాట్లాడుకుని కిందికి దిగిపోవాలి. కాజాలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. ముందుగా వేసుకునే మందు గురించి మీ ఒంటి తీరు తెలిసిన వైద్యుణ్ణే అడగండి. ఇక్కడే మీ వారికి ఒక పని ఉంది. ప్రతి సాయంత్రం మీరు చేసే ఫోనులో ఆయన మీ మాట తడబడుతోందేమో గమనించాలి, మడమకు బొటనవేలు ఆనించి పది అడుగులు తిన్నగా నడిచి చెప్పమనాలి. ఆయన అనుమానం వచ్చి 'దిగిపో' అంటే మీరు వాదించకుండా దిగిపోవాలి. ఈ ఒప్పందం కుదిరితే, ఇరవై అడుగుల వెనకాల కారులో ఉన్నదాని కన్నా ఆయన మీకు ఎక్కువ దగ్గరగా ఉన్నట్టే లెక్క. కానీ మళ్లీ చెబుతున్నాను, గుడిస సంగతి కడుపులో పెట్టుకుని ఈ ఒప్పందం కుదుర్చుకోలేరు.

ఆయన రానే రావాలని పట్టుబడితే ఇంకో మార్గం చూడండి. కారు ఇంట్లో ఉంచి, మీరు బయలుదేరిన నాలుగైదు రోజులకు ఆయన రైల్లో, బస్సులో రావచ్చు. రికాంగ్ పియో నుంచి కాజాకు హిమాచల్ ప్రభుత్వ బస్సు నడుస్తుంది. ఫలానా రోజు సాయంత్రం కాజాలో కలుసుకుందామని అనుకుంటే అక్కడిదాకా దారి మీది, అక్కడ రెండు రోజులు ఇద్దరిదీ. తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ ఎవరి దారి వారిది. కొండ బస్సుల అలసట ఆయన తట్టుకోగలరా, పాపనూ అత్తగారినీ ఆ వారం రోజులు ఎవరు చూస్తారన్నవి మీరు తేల్చుకోవలసిన విషయాలు. ఇక బండ్ల గుంపుతో కలిసి వెళ్లే పద్ధతి ఉంది, వెంట మెకానిక్కూ సామాన్ల వ్యానూ ఉంటాయి. మీకు ధైర్యమూ నేర్పూ వస్తాయి, ఇంట్లో నిశ్చింతగా ఉంటారు. అయితే ముందు వాళ్లను అందుకోవాలన్న తొందరలో తమ చేతనైనదాని కన్నా వేగంగా పోయి పడేవాళ్లు గుంపుల్లోనే ఎక్కువ కనిపిస్తారు. మీరు కోరుకున్న నిశ్శబ్దం అక్కడ దొరకదు కూడా.

ఈ వేసవికి ఆగి, దసరా సెలవుల్లో దగ్గర్లోనే ఐదు రోజుల ఒంటరి ప్రయాణం చేసి చూడటం మరొకటి. మారేడుమిల్లి, చింతూరు దాటి మోటు మీదుగా ఒడిశాలోని మల్కన్‌గిరి, జైపూర్, కోరాపుట్ వెళ్లి, అరకు వైపు దిగి నర్సీపట్నం మీదుగా ఇల్లు చేరవచ్చు. వానలు వెనకబట్టి కొండలు పచ్చగా ఉండే రోజులవి. నాలుగు రాత్రులు వరసగా ఒంటరిగా బస చేయడం, రోజూ సంచులు కట్టి విప్పడం, అలసిన ఒంటితో మరునాడు మళ్లీ ఎక్కడం ఎలా ఉంటుందో తెలుస్తుంది. ఇప్పటిదాకా మీరు రాత్రికి ఇల్లు చేరే ప్రయాణాలే చేశారు. దీని నష్టం ఒక్కటే, స్పితి మరుసటి వేసవికి పోతుంది, అప్పటికి పాప ఇంటర్ పూర్తయి ఎంట్రెన్సులూ కౌన్సెలింగులూ మీ సెలవుల మీద పడతాయి. ఆ లెక్క చూస్తే, ఫిబ్రవరి, మార్చి నెలల్లో రెండో శనివారం ఆదివారం కలిపి రాత్రి బసతో రెండు చిన్న ప్రయాణాలు చేసి, మేలో రైలు దారిన వెళ్లడమే మీకు కుదురుతుందేమోనని నాకు అనిపిస్తోంది. వాటిలో ఒకటి బెడిసికొట్టినా నా మాట వెనక్కు తీసుకుంటాను.

స్వార్థమా అని అడిగారు. శబరిమల చురకలోనే మీ జవాబు ఉంది, దాన్ని ఆయన మీద ఎప్పుడూ వేయకండి, మీకు మీరు చెప్పుకోవడానికి ఉంచుకోండి. ఏడాదికి పన్నెండు రోజులు ఎవరూ పిలవని చోట ఉండాలనుకోవడం పెద్ద కోరికేమీ కాదు. అత్తగారి 'నలుగురి' గురించి నేను ప్రత్యేకంగా చెప్పేదేమీ లేదు, ఆ నలుగురూ మీరు తిరిగొచ్చాక ఫొటోలు అడుగుతారు.

వచ్చే ఆదివారం ఆయన బండి కడగడం అయ్యాక, సంచులు కట్టి, పరుపు వేసి, ఎడమ పక్కకు పడుకోబెట్టి చూడండి. మూడుసార్లు లేపాలి. మొదటిది ఉత్సాహంతో లేస్తుంది, రెండోది పద్ధతితో లేస్తుంది, అలసిపోయాక మూడోసారి లేస్తుందా లేదా అన్నదే మీకూ ఆయనకూ తెలియవలసినది. లేపేది మీరే, ఆయన్ను మాత్రం ఎదురుగా నిలబడమనండి, చెయ్యి వేయవద్దనండి. క్లచ్ లివరు సంగతి అప్పటికి చెప్పి ఉండకపోతే, ఆ పూట చెప్పడానికి వీలుగా ఉంటుంది.